మైలార్‌దేవ్‌పల్లి బత్తాయి బండి

ఆస్పత్రిలో ఉన్న బంధువును చూడటానికి బయలుదేరి, చేతిలో బత్తాయిల సంచీ లేకుండా వెళ్లిన తెలుగువారిని మీరెవరైనా చూశారా? నేను చూడలేదు. లోపల పడుకున్న మనిషికి వచ్చింది కామెర్లా, కాలు విరగడమా, మూత్రపిండాల జబ్బా అన్నది తరువాతి సంగతి. ముందు అరడజను బత్తాయిలు కొనవలసిందే. నాలుగు రోజులయ్యేసరికి రోగి మంచం పక్కనున్న బల్ల పండ్ల అంగడిలా తయారవుతుంది. అవన్నీ ఏం చేయాలో తోచక ఇంటివాళ్లే తలా ఒక గ్లాసు పిండుకు తాగుతారు.

‘జ్వరం తగ్గింది, బత్తాయి రసం ఇవ్వవచ్చునా?’, ‘రక్తం తక్కువగా ఉందన్నారు, రోజూ బత్తాయి రసం తాగితే పడుతుందా?’, ‘మా వారికి షుగరుంది, చక్కెర లేకుండా ఇస్తే ఫరవాలేదు కదా?’ అని అడిగే పాఠకులు ఎందరో. ఇవ్వవచ్చుననో, వద్దనో ఒక్క ముక్కలో తేల్చేసే ప్రశ్నలు కావివి. అందుకని ఈ వారం మిమ్మల్ని వంటింట్లో కూర్చోబెట్టకుండా, నాతోపాటు హైదరాబాదు దక్షిణపు కొసకు తీసుకువెళ్తాను. కాస్త ఎండలో తిరగాలి, గొడుగు తెచ్చుకోండి.

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పి.వి. నరసింహారావు పేరుతో 2009లో తెరిచిన పై వంతెన పొడవు 11 కిలోమీటర్ల పైచిలుకు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం మొదలైన దగ్గరనుంచి ఈ దారికి వచ్చిన రద్దీ అంతా ఇంతా కాదు. 2025 జనవరిలో జూపార్కు వైపు నుంచి కూడా ఆరాంఘర్‌కు మరొక పెద్ద వంతెన వచ్చి కలిసింది. విమానం ఎక్కేవాళ్లు పైనుంచి పైననే గగన్‌పహాడ్ మీదుగా శంషాబాదు వెళ్లిపోతారు. మనం మాత్రం ఆరాంఘర్ చౌరస్తాలో కిందకు దిగి, చాంద్రాయణగుట్ట వైపు పోయే రోడ్డు పట్టుకుందాం. ఆ రోడ్డు మీదనే కాటేదాన్, దాన్ని ఆనుకుని మైలార్‌దేవ్‌పల్లి.

పేరు వినగానే మైలారదేవుడు, అంటే మన మల్లన్న, గుర్తుకు వస్తాడు. ఒకప్పటి పల్లె. 2007లో మహానగర పాలక సంస్థలో కలిసింది. ఇప్పుడు కాటేదాన్ పారిశ్రామిక వాడకు తెల్లవారితే పనికి వచ్చే కూలీలు, వాళ్లు అద్దెకుండే ఇరుకు గదులు, లారీలు, ఇనుము కోసే చప్పుడు, ఎక్కడి నుంచో బిస్కెట్లు కాలుతున్న కమ్మటి వాసన, ఆ వెనకే ప్లాస్టిక్ కరుగుతున్న ఘాటు. తెలుగువాళ్లతో సమానంగా బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ మనుషులు కనిపిస్తారు. 2020 అక్టోబరు వరదల్లో పల్లెచెరువు పొంగి ఈ చుట్టుపక్కల కాలనీలను ముంచెత్తిన సంగతి ఇక్కడివారు ఇంకా మరచిపోలేదు.

నేను వెళ్లింది మార్చి నెల చివర. మధ్యాహ్నం ఒంటిగంట. భోజనాల గంట కొట్టినట్టున్నారు, జనం గేట్లలోంచి బయటపడుతున్నారు. రోడ్డు పక్క వేపచెట్టు కింద ఒక నాలుగు చక్రాల బండి, దానిమీద గోపురంలా పేర్చిన బత్తాయిలు, పక్కన చేత్తో తిప్పే జ్యూసు మిషను.

“చక్కెర ఎయ్యాల్నా అమ్మా?” అన్నాడు బండి అతను.

“వద్దు నాయనా. ఐసు కూడా వద్దు.”

“ఉత్త రసమేనా? చాటు మసాలా?”

“చిటికెడు ఉప్పు చాలు.”

అతనిది దేవరకొండ వైపు పల్లె. నల్లగొండ జిల్లా బత్తాయి తోటల పేరు మీరు వినే ఉంటారు. రాయలసీమలో అనంతపురం, కడప జిల్లాల్లాగే తెలంగాణలో నల్లగొండ బత్తాయికి పుట్టినిల్లు. వాళ్ల నాన్నకూ రెండెకరాల తోట ఉండేదట. బోర్లు ఎండిపోయి చెట్లు నిలువునా వడలిపోతే కొట్టేసి, ఇతను పట్నం వచ్చాడు. అప్పుడు పండించిన కాయనే ఇప్పుడు కొని పిండుతున్నాడు. ఆ మాట అతను నవ్వుతూనే చెప్పాడు, నాకు మాత్రం గ్లాసు ఎత్తబుద్ధి కాలేదు కాసేపు.

పండు పచ్చగా ఉంటే పక్వానికి రాలేదేమోనని చాలామంది గృహిణులు అనుమానపడతారు. అది పొరపాటు. ఈ జాతి పండ్ల తొక్క నారింజ రంగుకు తిరగాలంటే చలి రాత్రులు కావాలి. నాగపూరు కమలాలకు ఆ చలి దొరుకుతుంది, రంగు వస్తుంది. మన వేడి నేలల్లో పండే బత్తాయి, లోపల తీపెక్కినా పైన ఆకుపచ్చగానో, పసుపు జీర తిరిగో ఉండిపోతుంది. మీరు చూడవలసింది రంగును కాదు, బరువును. చేతిలో పట్టుకుంటే సైజుకు మించి బరువనిపించాలి. తొక్క మరీ మందంగా, గరుకుగా ఉండకూడదు. అలాంటి కాయలో రసం ఉంటుంది.

ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల రసానికి మూడు కాయలు పడతాయి. అందులో ఏముంది? విటమిన్ ‘సి’ 80 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా. మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకు మగవారికి 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు కావాలి. అంటే ఆ ఒక్క గ్లాసుతోనే రోజు లెక్క తీరిపోతుంది. పొటాషియం 400 మిల్లీగ్రాములకు అటూఇటూగా, కొద్దిగా ఫోలిక్ ఆమ్లం. మాంసకృత్తులు, కొవ్వు దాదాపు లేవనే చెప్పాలి. చక్కెర 16 నుంచి 18 గ్రాములు, అంటే నాలుగు చెంచాలకు దగ్గర. ఇది పండులో స్వతహాగా ఉన్నదే. దీనికి బండివాడు రెండు చెంచాలు కలిపితే అది వేరు.

మరి ‘బలం’ సంగతి? బలం పిండిపదార్థాల నుంచీ, పప్పుల నుంచీ, పాలగుడ్ల నుంచీ వస్తుంది. గ్లాసు రసంలో ఉన్నది 70, 80 కేలరీలు. రెండు ఇడ్లీలు తింటే అంతకంటె ఎక్కువే వస్తాయి. రోగికి అన్నం మానిపించి బత్తాయి రసం పోసే ఇళ్లను నేను ఎన్నింటినో చూశాను. టైఫాయిడ్ వచ్చినవాడు చిక్కిపోయేది జ్వరం వల్ల కొంత, మన ప్రేమ వల్ల కొంత.

నేను గ్లాసు పట్టుకుని ఆలోచిస్తూ ఉండగా, నలభై ఏళ్లు దాటిన ఒకామె వచ్చి బండి అతని చేతికి ఖాళీ ప్లాస్టిక్ సీసా ఇచ్చింది. దగ్గరలోని ఒక ప్యాకింగు షెడ్డులో పని. రోజూ మధ్యాహ్నం సీసాలో రసం పోయించుకుని, సాయంత్రం ఆరు గంటలకు పని దిగి ఇంటికి తీసుకెళ్తుందట. ఎవరికని అడిగాను.

“మా బిడ్డకమ్మా. అయిదో నెల. రక్తం ఎనిమిదే ఉన్నదన్నరు దవాఖాన్ల. గోలీలు ఇచ్చిన్రు. వాటితోటి గిట్లనే పండ్లరసం తాగుమన్నరట.”

“గోలీలు దేనితో మింగుతోంది?”

“చాయ్‌తోని. ఉత్త నీళ్లతోని వేసుకుంటే వికారమైతది అంటది.”

పాఠకులారా, నేను మిమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చింది ఈ మాట వినిపించడానికే. ఈ తల్లి కూలి డబ్బుల్లోంచి రోజుకొక గ్లాసు రసం కొంటోంది. ప్రభుత్వం ఇనుము మాత్రలు ఉచితంగా ఇస్తోంది. ఆ అమ్మాయి వాటిని మానకుండా మింగుతోంది. అయినా ముగ్గురి శ్రమా చాలావరకు వృథా పోతోంది. ఎందుచేతనో చెబుతాను.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. మన ఆడవాళ్లు ఇనుము బొత్తిగా తినడం లేదని కాదు. జొన్నరొట్టెలో ఉంది, తోటకూరలో ఉంది, కందిపప్పులో ఉంది, అటుకుల్లో ఉంది. కానీ మాంసంలోని ఇనుము ఒంటికి పట్టినంత తేలికగా ధాన్యాలలోనూ ఆకుకూరలలోనూ ఉన్న ఇనుము పట్టదు. గింజల్లో ఉండే ఫైటేట్ అనే పదార్థం దాన్ని పట్టుకుని వదలదు. విటమిన్ ‘సి’ వచ్చి ఆ పట్టు విడిపించి, ఇనుమును పేగు గోడ దాటించగలిగే రూపంలోకి మారుస్తుంది. ఒక్క భోజనంతోపాటు 50 మిల్లీగ్రాముల విటమిన్ ‘సి’ కడుపులో పడితే, ఆ భోజనంలోని ఇనుము రెట్టింపు దాకా ఒంటపట్టే అవకాశం ఉంది. అయితే రెండూ ఒకేసారి కడుపులో ఉండాలి. మధ్యాహ్నం పప్పన్నం తిని సాయంత్రం రసం తాగితే, బస్సు వెళ్లిపోయాక టిక్కెట్టు కొన్నట్టే.

టీ చేసేది దీనికి పూర్తిగా విరుద్ధం. టీలోని టానిన్లు ఇనుముతో కలిసి గట్టి ముద్ద అవుతాయి, అది జీర్ణం కాకుండా బయటకు పోతుంది. భోజనంతోపాటు ఒక కప్పు టీ తాగితే ఆ భోజనంలోని ఇనుము సగానికి సగం నష్టపోవచ్చును. ఇక మాత్రనే టీతో మింగితే చెప్పేదేముంది?

అందుకని ఆవిడకు చెప్పాను. సాయంత్రం దాకా సీసాలో ఉన్న రసం చేదెక్కుతుంది, విటమినూ కొంత తరిగిపోతుంది. దానికి పెట్టే డబ్బుతో నాలుగు నిమ్మకాయలు, రెండు కోడిగుడ్లు కొనండి. ఒక నిమ్మకాయ రసం గ్లాసు నీళ్లలో పిండి, భోజనమైన కాసేపటికి ఆ నీళ్లతోనే మాత్ర వేసుకోమనండి. బత్తాయే కావాలంటే పండు ఒలిచి అన్నంతోపాటు తొనలు తినమనండి. పరగడుపున వికారమైతే రాత్రి భోజనం తరువాత వేసుకోవచ్చు. కాల్షియం మాత్ర కూడా ఇచ్చి ఉంటారు, దాన్నీ దీన్నీ కలపకుండా ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. విరేచనం నల్లగా అవుతుంది, భయపడి మానవద్దు.

ఆవిడ అన్నీ విని, బండి అతని వైపు కొంచెం మొహమాటంగా చూసింది. వాడుక పోతుంది కదా పాపం! అతను మాత్రం, “మంచిగ చెప్పిన్రు, నిమ్మకాయలు నా దగ్గర్నే ఉన్నయ్” అన్నాడు. వ్యాపారం తెలిసినవాడు.

ఇంకొక మాట కూడా చెప్పాను. అది చాలామంది డాక్టర్లు చెప్పినా మనవాళ్లు చెవిన పెట్టనిది. ఇక్కడికి దగ్గరలో, శివరాంపల్లిలో తలసేమియా, సికిల్‌సెల్ సొసైటీ వారి రక్తకేంద్రం ఉంది. 1998లో ఆ జబ్బు పిల్లల తల్లిదండ్రులూ డాక్టర్లూ కలిసి మొదలుపెట్టినది. తలసేమియా పిల్లలకు రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ ఆ రక్తంతో ఇనుము వచ్చి గుండెలోనూ కాలేయంలోనూ పేరుకుంటుంది. వాళ్లకు ఇనుమే శత్రువు. కాబట్టి మైలార్‌దేవ్‌పల్లిలో నేను చెప్పిన సలహా శివరాంపల్లిలో తలకిందులవుతుంది. అక్కడ భోజనంతో టీ తాగమంటారు. విటమిన్ ‘సి’ మాత్రలు డాక్టరు అనుమతి లేనిదే ముట్టుకోవద్దంటారు. రెండు ఊళ్లకూ మధ్య దూరం ఆటోలో కాసేపు. రక్తం తక్కువ అన్న మాట రెండు చోట్లా ఒకటే!

మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు తమకు తెలియకుండానే తలసేమియా లక్షణాన్ని మోస్తూ ఉంటారు. వాళ్లకు జబ్బేమీ ఉండదు, రక్తం మాత్రం కొంచెం తక్కువగా కనిపిస్తుంది. ఎన్ని నెలలు ఇనుము మింగినా పెరగదు. భార్యకూ భర్తకూ ఇద్దరికీ ఆ లక్షణం ఉంటే, పుట్టే బిడ్డకు అసలు జబ్బు వచ్చే ప్రమాదం నాలుగింట ఒక వంతు. గర్భిణికి రక్తం తక్కువ అన్నప్పుడు, హెచ్‌బి ఎ2 అనే పరీక్ష గురించి డాక్టరును అడగడం మంచిది. ఎంత తొందరగా అడిగితే అంత మంచిది. అయిదో నెలంటే ఇక వాయిదా వేయకూడని సమయం. ఆవిడ ఆ పేరు పలకలేకపోతే ఒక కాగితం ముక్క మీద తెలుగులో రాసి ఇచ్చాను.

ఇప్పుడు షుగరు ఉన్నవాళ్ల సంగతి. ‘చక్కెర వేయకుండా తాగుతున్నాను’ అనుకుని తృప్తిపడేవారికి పైన చెప్పిన నాలుగు చెంచాలు గుర్తు చేస్తున్నాను. పండు నమిలి తింటే తొనల మీది పొర, పీచు అడ్డంపడి చక్కెర మెల్లమెల్లగా రక్తంలో కలుస్తుంది. రసం చేసి వడగట్టాక ఆ అడ్డు లేదు. మూడు పండ్లు ఒక్క కూర్చోడిలో తినేవారు అరుదు, మూడు పండ్ల రసం మాత్రం మూడు గుక్కల్లో అయిపోతుంది. పండ్ల రసంలోని చక్కెరను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మనం విడిగా కలుపుకునే చక్కెర పద్దులోనే రాస్తుంది. 2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార సూచనలలోనూ రసం కంటె పండే మేలని ఉంది. కనుక షుగరున్నవారు పండు ఒకటి తినండి, గ్లాసు జోలికి పోకండి. ఒక్క సందర్భం మినహాయింపు. మందు ఎక్కువై, తిండి తక్కువై, చెమటలు పట్టి చేతులు వణుకుతూ చక్కెర పడిపోయినప్పుడు, మనిషికి స్పృహ ఉంటే 150 మిల్లీలీటర్ల రసం వెంటనే ఇవ్వండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. అప్పుడు దానికి మించిన మందు లేదు.

మూత్రపిండాల జబ్బువారికి పైన చెప్పిన పొటాషియమే చేటు. దెబ్బతిన్న మూత్రపిండాలు దాన్ని బయటకు పంపలేవు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. డయాలసిస్ చేయించుకుంటున్న బంధువును చూడటానికి వెళ్తూ దయచేసి బత్తాయిలు తీసుకెళ్లకండి. వారపత్రిక ఒకటి కొనుక్కెళ్లండి, నా మాట విని.

పసిపిల్లల విషయంలో ఒక పాత మాటను సవరించాలి. నా చిన్నతనంలో మూడో నెల నుంచే చెంచాతో బత్తాయి రసం పట్టమని పెద్దలూ చెప్పేవారు, పత్రికలూ రాసేవి. పోతపాలను మరగకాస్తే విటమిన్ ‘సి’ నశిస్తుందన్న భయం దానికి కారణం. ఆ సలహా ఇప్పుడు చెల్లదు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మరేదీ వద్దు. ఏడాది నిండేదాకా రసాలు అక్కరలేదు. ఎనిమిదో నెల పాపకు మెత్తని పండ్ల గుజ్జు చాలు.

విరేచనాలప్పుడు రసం పోయడం మరింత ప్రమాదం. ఈ తప్పు మా ఇంట్లోనే జరిగింది. మా చెల్లెలి కొడుక్కు రెండేళ్లప్పుడు విరేచనాలు పట్టుకుంటే, నీరసపడుతున్నాడని పూటకొక గ్లాసు బత్తాయి రసం పోశాం. పోసినకొద్దీ ఎక్కువయ్యాయి. రెండో రోజు సాయంత్రానికి కళ్లు లోపలికి పోయి, ఏడిస్తే కన్నీళ్లు రావడం మానేశాయి. ఆస్పత్రిలో సెలైను ఎక్కిస్తే బతికి బయటపడ్డాడు. నేను చదువుకున్న చదువు ఆ రెండు రోజులూ నాకు గుర్తు రాలేదు. రసంలో చక్కెర పాలు ఎక్కువ, ఉప్పు దాదాపు లేదు. ఎక్కువ చక్కెర పేగులోకి ఇంకా నీటిని లాగుతుంది. పోయింది ఉప్పూ నీళ్లూ అయితే మనం పోసింది తీపి. అలాంటప్పుడు కావలసింది ఓ.ఆర్.ఎస్. పొడి, దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా తలకొట్టి కొలవాలి, గోపురంగా కాదు.

ఆ ఓ.ఆర్.ఎస్. అక్షరాలనే అట్టడబ్బా తీపి పానీయాల మీద అచ్చువేసి మందుల షాపుల్లో అమ్మిన రోజులున్నాయి. దాని మీద మన హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఒంటిచేత్తో పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో జాతీయ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ, సరైన సూత్రం ప్రకారం తయారుకాని ఏ పానీయం మీదా ఆ పేరు ఉండరాదని ఆదేశించింది. అంతకు ముందు 2024 జూన్‌లో ఇదే సంస్థ, గాఢరసానికి నీళ్లు కలిపి తయారుచేసే డబ్బాల మీద ‘నూరు శాతం పండ్ల రసం’ అన్న మాట తీసేయమంది. డబ్బా కొనేటప్పుడు వెనకవైపు సన్నక్షరాలు చదవండి. అద్దాలు లేకపోతే కొనకండి.

ఐసు ఎందుకు వద్దన్నానో చెప్పనే లేదు. రసం ఎంత మంచిదైనా అందులో పడే ఐసు ఏ నీళ్లతో గడ్డకట్టిందో మనకు తెలియదు. తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని 2018 నుంచి నిబంధన ఉంది. రోడ్డు మీద తెల్లగా కనిపించే ఐసంతా తినే ఐసేనని దీనర్థం కాదు. కాటేదాన్ వంటి చోట మరీ జాగ్రత్త అవసరం. ఇక్కడి మట్టిలో భారలోహాలు ఉన్నట్టు జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు ఏనాడో రాశారు. మిషను కడిగిన నీళ్లు చూడండి, కోసి పెట్టిన కాయల మీద ఈగలు చూడండి. మీ కళ్లముందు కోసి, మీ కళ్లముందు పిండి, మీ గ్లాసులో పోయించుకోండి.

ఇక ఇంటికి వెళ్లి పొయ్యి వెలిగిద్దాం. బత్తాయి రసంతో వంటేమిటని నవ్వకండి. నిమ్మ, నారింజ, దబ్బ రసాలతో పులిహోర కలిపే జాతి మనది. వాటికి పులుపెక్కువ, బత్తాయికి తీపెక్కువ. అంతే తేడా.

చారు సంగతి ముందు. పలచని పప్పుకట్టులో ఒక టమాటా, దంచిన మిరియాలు, జీలకర్ర, ఉప్పు, పసుపు వేసి మరగనివ్వండి. ఇంగువ, కరివేపాకు, ఎండుమిరపకాయలతో తిరగమోత పెట్టి దించండి. అయిదు నిమిషాలు ఆగి, చేతితో పిండిన కప్పు బత్తాయి రసం, చెక్క నిమ్మరసం కలిపి మూత పెట్టండి. మళ్లీ పొయ్యి ఎక్కించారో, విటమినూ పోతుంది, చేదూ వస్తుంది. ఈ జాతి పండ్ల గింజల్లోనూ, తెల్లటి పొరల్లోనూ ఉన్న ఒక పదార్థం రసంలో కలిశాక నిలవ ఉన్నకొద్దీ, వేడి తగిలినకొద్దీ చేదుగా మారుతుంది. తీసిన వెంటనే తియ్యగా ఉన్న రసం గంట తరువాత చేదెక్కేది ఇందుకే. గింజలు నలగకుండా, తొక్క నలగకుండా పిండితే ఈ బాధ సగం తగ్గుతుంది. మిక్సీలో వేసి గిరగిర తిప్పకండి.

గర్భిణులకూ, ఎదిగే ఆడపిల్లలకూ నేను ఎక్కువగా చెప్పేది అటుకులు. ఎర్ర అటుకులు కడిగి నీళ్లు వంచేసి, వాటిమీద అరకప్పు బత్తాయి రసం పోసి పావుగంట నాననివ్వండి. తురిమిన కొబ్బరి, గుప్పెడు వేయించిన వేరుశనగలు, కాస్త బెల్లం కలపండి. పొయ్యితో పనిలేదు. అటుకుల్లోని ఇనుమును పట్టించేందుకు రసం అక్కడే ఉంది. మొలకెత్తిన పెసలమీద ఇదే రసం, ఉప్పు, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసినా బాగుంటుంది, నానబెట్టి మొలకెత్తించడంతో ఫైటేటు కూడా తగ్గుతుంది. పిల్లలు ఇష్టంగా తింటారని మాత్రం మాటివ్వలేను. మా ఇంట్లో తినరు.

తొక్కలు పారేయకండి. పై పసుపుపచ్చ పొరను చాకుతో పలచగా తీసి, సన్నగా తరిగి, ఒకసారి నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంచేయండి. నూనెలో మెంతులు, ఆవాలు, ఎండుమిరపకాయలు వేయించి, చింతపండు, బెల్లం, ఉప్పుతో కలిపి రోట్లో నూరితే పచ్చడి అవుతుంది. తీపి, పులుపు, కారం, చివర నాలుకమీద చిరుచేదు. వేడి అన్నంలో నెయ్యి వేసుకుని కలపండి. కాయల పైన మెరుపు కోసం మైనం పూసి ఉంటే, గోరువెచ్చని నీళ్లతో రుద్ది కడిగిన తరువాతే తొక్క వాడాలి.

మందులు వేసుకునేవారికి ఒక హెచ్చరిక మిగిలింది. బత్తాయితో పెద్ద గొడవ లేకపోయినా, దాని బంధువు పంపరపనస కొన్ని రక్తపోటు మందుల, కొలెస్టరాల్ మందుల బలాన్ని ఒంట్లో ప్రమాదకరంగా పెంచగలదు. ఇనుము మాత్రకు తప్ప మరే మాత్రకైనా మంచినీళ్లే మంచివి.

నేను తిరిగి బయలుదేరేసరికి భోజనాల గంట అయిపోయింది. ఎండ ఇంకా తగ్గలేదు. ఆవిడ కొంగున నాలుగు నిమ్మకాయలు మూటగట్టుకుని షెడ్డు గేటు దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చింది.

“మరి చాయ్ ఎప్పుడు తాగాలె అమ్మా? అది లేకపోతే మా బిడ్డకు తెల్లారదు.”

“తాగమను. మాత్రకూ చాయ్‌కీ మధ్య గంట, గంటన్నర ఎడం ఉంటే చాలు. అన్నానికీ అంతే.”

“గంటన్నర” అని వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోయింది.